తెర వెనక బల్బు

తనకు లొంగని రేడియో హనుమకొండలో లేదని మా బావ, అంటే మా ఆయన అన్న, లక్ష్మీనారాయణ నమ్మకం. అందులో అబద్ధమేమీ లేదు. నాకు మండేది ఒక్కచోటే. ఆ రేడియోల్లో వేసే ట్రాన్స్‌ఫార్మర్లు ఇంట్లో కూర్చుని చుట్టేది నేను. వెంట్రుకంత రాగితీగ, వేల చుట్లు, పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఎనిమిదేళ్ళు. ఆయన రేడియో రిపేరు షాపులో బల్ల దగ్గర కూర్చుంటానంటే మాత్రం, "ఆడమనిషి కూసుంటే గిరాకి ఏమనుకుంటది" అనేవాడు. షాపుకొచ్చే ఆ గిరాకీవాళ్ళను ఆయన ఏనాడూ అడిగింది లేదు.

ఎనభై నాలుగులో దసరా వెళ్ళిన పదిహేను రోజులకు బట్టల దుకాణం రాంచందర్ సేటు తన ఆట పట్టుకుని వచ్చాడు. బామ్మర్ది దుబాయి నుంచి తెచ్చింది. అరచేతిలో పట్టే డబ్బా, దానికో చిన్న తెర, తెర మీద దోమల్ని పట్టే కప్ప. మీట నొక్కితే తెర వెనక బల్బు వెలిగి చీకట్లో కూడా కనబడుతుంది. యాభై దాటిన సేటు కరెంటు పోగానే బేరాలు మరిచి దోమల వేటలో పడతాడని బజారంతా నవ్వుకునేది.

"ఆట ఆడుతాంది గని లైట్ వస్తలేదు లక్ష్మీనారాయణా. దసరా ముందట ఇచ్చిపోతే బటన్ బాగుచేసినవ్ గదా, జర ఇది గూడ చూడు" అన్నాడు సేటు.

బావ విప్పి, చూసి, మూసేశాడు. "దుబాయి సరుకు సేటూ. బల్బు కాలిపోయింది. ఇసోంటిది ఇక్కడ దొరకది."

చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు ఇచ్చిపోదామని వచ్చిన నేను అక్కడే ఉన్నాను. "కాలిందని మీటర్ పెట్టి చూసిండ్రా బావా?" అన్నాను. సేటు ముందు అనకూడదని తెలుసు. అయినా అన్నాను.

"అయితే నువ్వే వెలిగియ్యి" అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

"వెలిగిస్తే ఆ రెండో కుర్చీల రేపటి సంది నేను కూసుంట."

సేటుకు సరదా పుట్టింది. "ఒప్పుకో లక్ష్మీనారాయణా. నేను సాక్షి."

"ఎల్లుండి సేటు వచ్చేదాక నీకు టైం. గాకపోతే మల్ల ఈ ముచ్చట ఎత్తద్దు" అన్నాడు బావ. ఎలాగూ వెలగదన్న ధీమా ఆయనది.

ఇంటికి తెచ్చి వంటింట్లో పీట మీద విప్పాను. గోధుమగింజంత బల్బు. దాని రెండు తీగలూ ఊడదీసి సెల్లుకు ఆనించాను. వెలిగింది. నా కోపం సగం అక్కడే తీరింది, సగమే. బల్బును మళ్ళీ అతికి, మీట చెడిందేమోనని దాని రెండు కాళ్ళకూ తీగముక్క అడ్డం పెట్టాను. వెలగలేదు. బల్బు మంచిది, సెల్లులో బలముంది, మీట తప్పు కాదు. మరి మధ్యలో దారి ఎక్కడో తెగి ఉండాలి. అతుకులన్నీ మళ్ళీ కాల్చి అతికాను. అయినా లాభం లేకపోయింది. ఆ పూట అన్నం మాడింది. మా ఆయన అదే తిని మిల్లుకు వెళ్ళాడు.

మర్నాడు వాకిట్లో ఎండకు పట్టుకుని చూస్తే, లోపలి సర్క్యూట్ పలక మూలన ఒక రాగి గీత మీద పసుప్పచ్చటి మరక. రాగికి చిలుము ఆకుపచ్చగా పడుతుంది గానీ ఇలా పసుపుగా పట్టదు. గోటితో గీకి వాసన చూశాను. పసుపే. దాని కింద గీత చిలుముపట్టి తెగిపోయి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. దసరా నాడు బావ షాపులోని సామానంతా బల్ల మీద పరిచి పసుపు కుంకుమలు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు అన్నిటి మీదా దోసిలితో చల్లాడు. బటన్ బాగయినా సేటు ఇంకా తీసుకుపోని ఈ ఆట కూడా అందులో ఉంది. పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే.

వెలిగించి నోరు మూసుకుంటే కుర్చీ దక్కుతుంది. కారణం చెబితే బావ పరువు పోతుంది, దాంతో కుర్చీ కూడా పోవచ్చు. చెప్పకపోతే మాత్రం వచ్చే దసరాకు ఇంకెవరి సామానో తడుస్తుంది. ముందు పని కానిద్దామనుకున్నాను. మరక తుడిచి, ట్రాన్స్‌ఫార్మరు తీగ ఇంచీ తెంపి, రెండు కొసల్లో పూత బ్లేడుతో గీకి, తెగిన చోట వంతెనలా అతికాను. మీట నొక్కాను. తెర వెలిగింది. కప్పను చూసి ఏడ్చినదాన్ని వరంగల్ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మూడోరోజు సేటు వచ్చి నొక్కి చూసుకుని, చంటిపిల్లాడిలా మురిశాడు. "బల్బు ఏడ దొరికిందమ్మా?"

"పాత బల్బే సేటూ. దసరా పూజల కొబ్బరినీళ్లు లోపటికి పోయి తీగను తిన్నయ్. మా షాపుల్నే అయింది. తప్పు మాదే."

 బావ చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. కుర్చీ పోయిందనుకున్నాను.

"అవు సేటూ. చల్లింది నేనే" అన్నాడు బావ. తర్వాత లేచి, రెండో కుర్చీలో ఏళ్ళ తరబడి పేరుకున్న పాడైన సెట్లను ఒక్కొక్కటే కిందికి దించాడు. తువ్వాలుతో దుమ్ము దులిపాడు. కూర్చోమని మాత్రం అనలేదు. నేనే కూర్చున్నాను.

మళ్ళీ దసరా వచ్చింది. బావ కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు గిన్నెలో పట్టి, బల్ల దాకా వచ్చి ఆగాడు.

"కమలా, దేనిమీద చల్లాలె?"

"గడప మీద చల్లుండ్రి బావా" అన్నాను.