పొలంబడి బొమ్మలో మనిషి

2004లో రెండో పంట దాళ్వా కాలంలో పాలకొల్లు దగ్గర ఓ ఊళ్లో పొలంబడి పెట్టారు. సుబ్బాయమ్మ కౌలు చేనే బడి. వారానికోసారి పొద్దున్నే రైతులు చేలోకి దిగి, దుబ్బులు విడదీసి చూసి, గట్టెక్కి చార్టు మీద బొమ్మ గీయాలి. మధ్యలో వరి దుబ్బు, ఎడమపక్క పైరును తినే పురుగులు, కుడిపక్క వాటిని తినే సాలీళ్లు. బడి నడిపే ఆఫీసరు ఉమాశ్రీ ఏదీ తనంతట తాను చెప్పేది కాదు. చూసిందే గీయమనేది, గీసినదాన్ని తప్పనేది కాదు. ఇదేం చదువమ్మా అని సుబ్బాయమ్మ మొదట్లో నవ్వుకుంది.

ఓ వారం పక్కచేను అబ్బులు కుంటుకుంటూ గట్టెక్కి, ఎడమపక్క ఓ మనిషిని గీశాడు. తలకు గళ్ల తువ్వాలు, వీపున స్ప్రేయరు. పొగమంచులో చేను మధ్య అటు తిరిగి నిలబడ్డాడన్నాడు. ఇంకెవరికీ కనపడలేదు. సుబ్బాయమ్మ గుండె ఝల్లుమంది. ఆమె మొగుడు బుల్లియ్య రెండేళ్ల కిందట ఆ చేలోనే పురుగుమందు కొడుతూ పడిపోయి మళ్లీ లేవలేదు. తువ్వాలు ఆయనదే.

అప్పట్నుంచీ అందరికంటే ముందే వచ్చి కళ్లు కాయలు కాసేలా చూసింది. అబ్బులు బొమ్మలో మనిషి గట్టుకు దగ్గరవుతున్నాడు గానీ ఆమెకు కనపడడే. కట్టుకున్నదాన్ని కాదని పరాయివాడికి కనపడతాడా అని ఏడుపొచ్చేది.

ఈలోగా దుబ్బుల మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ ముదిరింది. సాలీళ్లు పెరుగుతున్నాయని బొమ్మలు చెబుతున్నా ఆమెకు ధైర్యం చాలలేదు. పంట పోతే కౌలు చేయి జారినట్టే. బడి అవగానే కొట్టేద్దామని మందు తెచ్చి పాకలో దాచి, తలకు కట్టుకోడానికి మొగుడి తువ్వాలు రొంటిన దోపుకుంది.

ఆ రోజు అబ్బులు మనిషికి మోకాళ్లదాకా ఎగ్గట్టిన చీర గీశాడు.

"ఇంకా ఏం కనపడిందండి?" ఉమాశ్రీ మెల్లిగా అడిగింది.

"ఆడమనిషండి. మొహం ఇటు తిప్పబోతుంటే నేనే కళ్లు దించేసుకున్నానండి."

సుబ్బాయమ్మ చెయ్యి రొంటినున్న తువ్వాలు మీదకు పోయింది. ఇన్నాళ్లూ మొగుడనుకుని ఎవరికోసం ఎదురుచూసిందో తెలిసింది. మందు కొట్టలేదు. కొన్నాళ్లకే సాలీళ్లు దోమను దించేశాయి, చేను నిలబడింది.

బడి ఆఖరివారం అబ్బులు తన చేలో దోమ పడిందని, సాయంత్రం మందు కొట్టక తప్పదని అన్నాడు. వద్దని సుబ్బాయమ్మ బతిమాలింది.

"నా చేలో నాకేం కనపడలేదు కదక్కా," అని నవ్వాడు.

నిజమే, ఆమెకూ తన చేలో ఎన్నడూ ఏమీ కనపడలేదు. భయంభయంగా పక్కచేను వైపు తలెత్తింది. మంచులో ఒక మనిషి, వీపున స్ప్రేయరుతో. ఈసారి ఆమె కళ్లు దించలేదు, మొహం ఇటు తిరిగేదాకా చూసింది.

గట్టెక్కి అబ్బులు పక్కనే కూర్చుని పెన్ను తీసుకుంది. ఎడమపక్క, ముందుగా కుంటికాలు గీసింది.