ఉదయం ఆరింటి లెక్క

పాముకాటు మందు ఏ కేంద్రంలో ఎన్ని సీసాలున్నాయో చూపే కంప్యూటర్ చార్టును బాగుచేసింది నేనే. తప్పు ఇంకొకరి మీదికి నెట్టే బుద్ధి నాకు లేదు.

ఆ కేంద్రాలు నడిపే మా ట్రస్టు ఆఫీసు సిరిసిల్లలో. ఫోన్లు ఎత్తే కృపారాణి రోజూ నా ప్రాణం తీసేది. "రాధికక్కా, గీ చార్టు తెరుసుకునేదాక అవతలోళ్లు లైన్ల ఏడుస్తున్నరు. జర సూడరాదు?" చూశాను. నొక్కిన ప్రతిసారీ మూడేళ్ల రిజిస్టరంతా మొదటినుంచీ కూడుతోంది. ఛీ, ఇదేం పని అనుకుని, పొద్దున ఆరింటికి ఒక్కసారే కూడి దాచిపెట్టేలా మార్చాను. ఇక నొక్కడమే ఆలస్యం, చార్టు ప్రత్యక్షం. కృపారాణి మిర్చి బజ్జీలు తెప్పించింది. 'ఇది ఉదయం ఆరింటి లెక్క' అని మూలన ఒక ముక్క రాయాల్సింది. చూడ్డానికి బాగుండదని రాయలేదు, ఆమెకైనా చెప్పలేదు. నా తెలివి తగలెయ్య!

నెల తిరగకముందే ఒక సాయంత్రం, చందుర్తి దగ్గర తాటిచెట్టు దిగుతున్న మొండయ్యను పాము కాటేసింది. అతని భార్య వజ్రమ్మ ఫోన్ చేసింది. కృపారాణి చార్టు చూసి, "కోనరావుపేటల మా కాడ పది సీసలున్నయమ్మా, జల్ది పోండ్రి" అంది. ఆ పదీ మధ్యాహ్నమే ఇంకొకరికి వాడేశారు. అక్కడ మందు చూసే నర్సింగం అప్పుడే రిజిస్టర్లో సున్నా అని ఎక్కించాడు కూడా. నా చార్టే చూపలేదు. కోనరావుపేట చేరిన ఆటో, అక్కడ మందు లేక సిరిసిల్ల దారి పట్టింది. సగం దారిలోనే మొండయ్య పోయాడు.

కృపారాణిదే తప్పని ఆఫీసులో గుసగుసలు. "నోళ్లు ముయ్యుండ్రి! తప్పు నాది" అని అరిచాను. అరిస్తే ఏం లాభం?

పన్నెండో రోజు వాళ్లింటికి వెళ్లాను. ట్రస్టు నుంచి వచ్చానంటే వజ్రమ్మ పీట వేసింది.

"గా ఫోన్ల మాట్లాడిన పిల్ల సల్లగుండాలె బిడ్డా. మందున్నదని జెప్పంగనే మా ఆయన ఏడుసుడు ఆపిండు. 'నాకేం గాదు తియ్యే' అన్నడు."

ఇక కూర్చోలేకపోయాను. చార్టు ఆలస్యం కాకుండా పొద్దుటి లెక్క దాచిన సంగతి, సాయంత్రం కూడా మందు ఉందని అది చూపిన సంగతి, అంతా చెప్పేశాను.

వజ్రమ్మ నా ముందుకొచ్చి కూర్చుంది. "అయితే, మొదలు అది ఆల్శంగ జెప్పినా నిజమే జెప్తుండెనా?"

"చెప్తుండె."

"మేం జరసేపు ఫోన్ల ఆగుతుంటిమి గద బిడ్డా," అని బావురుమంది.