పద్దెనిమిది అడుగుల వాలు

పెళ్లయి ఇరవై రెండు రోజులైనా తాళంచెవి చూస్తే ఆమెకి ఇంకా నవ్వొచ్చేది. ఒకే ఇంటికి రెండు తాళంచెవులు. ఒకటి తన సంచిలో, ఒకటి అతని చొక్కా జేబులో! అతన్ని "ఏమండీ" అని పిలవడం ఇంకా సాధనలోనే ఉంది. పిలిచిన ప్రతిసారీ ముందు తను నవ్వేది, వెనకే అతను నవ్వేవాడు. ఎందుకు పిలిచిందో ఇద్దరూ మర్చిపోయేవారు. పెళ్లికి ముందు నాలుగేళ్లూ ఆమె అతన్ని పిలిచిన పేరు వేరు. కిటికీగారు.

ఆ పేరు పెట్టింది బేకరీ పిన్ని. ఈ కొత్త పెళ్లికూతురు చదివిన కాలేజీకి ఎదురుగా బేకరీ, బేకరీని ఆనుకుని ప్రెస్సు. ప్రెస్సులో అతను ప్రూఫులు దిద్దేవాడు. చిన్నప్పుడొచ్చిన జ్వరం రెండు కాళ్ల బలాన్నీ పట్టుకుపోయింది. అప్పట్నించీ చక్రాల కుర్చీయే. సరిగ్గా నాలుగింటికి, ఎర్ర పెన్సిలు చెవిమీద పెట్టుకుని, కుర్చీ తనే తోసుకుంటూ బేకరీ ముందుకొచ్చేవాడు. బేకరీకి మూడు రాతి మెట్లున్నాయి. అతను వాటివైపు చూడనైనా చూడకుండా కిటికీ కిందికెళ్లి ఆగేవాడు. గల్లాలో కూర్చున్న పిన్ని లోపలికి కేక వేసేది, "కిటికీకి ఒక కాఫీ, ఒక బన్ను!" అని.

కాఫీ గ్లాసు చువ్వల మధ్యనించి ఎలాగో దూరేది. బన్ను దూరేది కాదు. నొక్కి నొక్కి తోస్తే, అవతలికి వెళ్లేసరికి దాని నడుం సన్నబడిపోయేది.

కిటికీ పక్క బల్ల ఆమెది. పరీక్షలప్పుడు అక్కడే కూర్చుని చరిత్ర పుస్తకం పైకి చదువుకునేది. ఒకరోజు బయటినించి గొంతు వినిపించింది. "ఆ సంవత్సరం తప్పండీ. అప్పటికా రాజు పుట్టలేదు."

ఆమె ఉలిక్కిపడి చువ్వల్లోంచి కిందికి చూసింది. ఎర్ర పెన్సిలు, దాని కింద నవ్వుతున్న ముఖం. ఆ పుస్తకం ప్రూఫులు దిద్దింది అతనేనట. "నేను పట్టుకునేలోపే అచ్చయిపోయింది," అన్నాడు సిగ్గుపడుతూ.

ఇహ ఆ నాలుగేళ్ల సంగతి తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్లంతా వెచ్చగా అయిపోతుంది. వాన పడితే చువ్వల్లోంచి తన గొడుగు అందించడం, అతని కాఫీలో ఒక గుటక దొంగతనంగా తాగి ఇవ్వడం, పెళ్లి చేసుకుందామని అతను ప్రూఫు కాగితం వెనక రాసి, మడిచి, బన్నంత కష్టం లేకుండా చువ్వల్లోంచి లోపలికి తోయడం. ఆమె ఆ కాగితం మీదే ఎర్ర పెన్సిలుతో 'తప్పుల్లేవు' అని రాసి వెనక్కిచ్చింది.

అందుకే ఇరవై మూడో రోజున ఆమెకో కోరిక పుట్టింది. మొగుడూ పెళ్లాలమయ్యాక కూడా ఒకరు లోపలా, ఒకరు బయటా ఏమిటి? పక్కపక్కన కూర్చుని కాఫీ తాగాలి.

ఆ రోజే వెళ్లి బేకరీ బాబాయ్ చెవిన వేసింది. బాబాయంటే బేకరీ యజమాని. కనుబొమ్మల మీద ఎప్పుడూ మైదా దుమ్ముండే మనిషి. ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "దానికేం భాగ్యమమ్మాయ్! మనవాళ్లు నలుగురున్నారు. కుర్చీతో సహా ఎత్తి, మహారాజుని తెచ్చినట్టు తెస్తాం. అతనికి చెప్పకు, సరదాగా ఉంటుంది."

ఆమె తలూపింది. ఊపకుండా ఉంటే ఎంత బావుండేదో!

మర్నాడు నాలుగింటికి పొయ్యి దగ్గరి నలుగురూ పిండి చేతులతో బిలబిలా బయటికొచ్చి, అతను "ఆగండాగండి" అంటున్నా వినకుండా, కుర్చీ నాలుగు మూలలూ పట్టి లేపేశారు. రెండో మెట్టు దగ్గర ఒకరి చెయ్యి జారింది. కుర్చీ ఒరిగింది. అతను తన కాలు తానే పట్టుకుని, పళ్లు బిగించి, కళ్లు మూసుకున్నాడు. లోపల దింపగానే బల్లల దగ్గరివాళ్లందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు! కాఫీ తాగడానికి వచ్చిన మనిషికి!

అతను కాఫీ ముట్టుకోలేదు. చొక్కా మీద నాలుగు మైదా చేతి ముద్రలతో ఇంటికొచ్చాక ఒక్క మాటే అన్నాడు. "ఇంక నేనక్కడికి రాను. కిటికీ దగ్గరికి కూడా."

మర్నాడు నాలుగింటికి అతను ప్రెస్సులోనే కూర్చున్నాడు. ఆ తర్వాతిరోజూ అంతే. వారం గడిచింది. ఆమెకి అన్నం సయించలేదు. నాలుగేళ్లు ఎండలోనైనా వానలోనైనా అతనికి దక్కిన ఒక్క చోటూ తను తలూపడం వల్లే పోయింది. పోగొట్టింది తను. తెచ్చివ్వాల్సిందీ తనే.

ఆదివారం పొద్దున్నే కూర్చుని బేకరీ బాబాయ్‌కి ఉత్తరం రాసింది. నాలుగు పేజీలు. అతను పక్కగదిలో పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. నటనని ఎలా తెలిసిందంటే, పేజీ తిప్పడం లేదు.

"ఏమండీ, దీంట్లో తప్పులేమైనా ఉన్నాయేమో చూస్తారా?"

"చూడను."

"సరే. తప్పులతోనే ఇస్తాను."

అంతే! ప్రూఫులు దిద్దే మనిషికి అంతకంటే పెద్ద బెదిరింపు లేదు. రెండు నిమిషాల్లో ఎర్ర పెన్సిలు దిగింది. మొదటి పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశాడు. రెండోదీ కొట్టేశాడు. 'దయతలచి' అన్న మాట దగ్గర ఆగి, కాగితం చిరిగేలా గీత గీశాడు.

"దయెందుకోయ్? బన్ను కొంటున్నాం కదా!"

నాలుగు పేజీలూ నాలుగు వాక్యాలయ్యాయి. మేం మీ బేకరీకి రోజూ వచ్చేవాళ్లం. మూడు మెట్ల వల్ల లోపలికి రాలేకపోతున్నాం. మెట్ల పక్కన, చక్రాల కుర్చీ ఎవరి సాయమూ లేకుండా ఎక్కేలా వాలు కట్టించండి. చివర్న తనే ఒకటి చేర్చాడు. 'ఎత్తు ఒక అడుగైతే వాలు పొడవు పన్నెండు అడుగులుండాలి.'

"ఈ లెక్క మీకెలా తెలుసు?"

"మూడేళ్ల కిందట ఇళ్లు కట్టే రూల్సు పుస్తకం మా ప్రెస్సులోనే అచ్చయింది. నేనే దిద్దాను."

"మూడేళ్లా! మరి ఎవరికీ చెప్పలేదే?"

అతను పెన్సిలు చెక్కుకుంటూ, "ఎవరూ అడగలేదు," అన్నాడు.

ఉత్తరం చూసి బాబాయ్ ముఖం మాడిన రొట్టెలా అయిపోయింది. కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ఆమెని ఎగాదిగా చూశాడు. "నాలుగేళ్లు కాఫీ ఇచ్చాను. ఒక్కరోజు చల్లారింది ఇచ్చానా? ఇప్పుడు నాకు ఉత్తరమా! ఎదురుగా నిలబడి అడగడానికి నోరు లేదామ్మా నీకు?"

"నోటితో అడిగితే మీరు మళ్లీ ఆ నలుగుర్నీ పిలుస్తారు బాబాయ్."

"పిలిస్తే తప్పేంటి? ఎత్తుకురావడం మర్యాద కాదా? ఈ మెట్లు మా నాన్న వేయించినవి. వానాకాలం రోడ్డుమీది నీళ్లు పొయ్యిలోకి రాకుండా. వాటిని తీసేయమంటావా?"

"మెట్లెక్కేవాళ్లు మెట్లెక్కుతారు బాబాయ్, నేను తీయమన్నానా? పక్కన ఇంకో దారి అడుగుతున్నా."

గల్లాలోంచి పిన్ని తల తిప్పకుండానే అంది, "పోయినేడు మీ మోకాలు వాచింది, గుర్తుందా? మూడు వారాలు వెనక గుమ్మంలో కూర్చుని నా మీద అరిచారు. మనవాళ్లు ఎత్తుకుని లోపలికి తెస్తామంటే ఒద్దన్నారెందుకో?"

"అది వేరు."

"ఏం వేరు?"

బాబాయ్ కనుబొమ్మ గోక్కున్నాడు. మైదా రాలింది. ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాడు.

మూడోరోజున కబురొచ్చింది, వచ్చి చూసుకోమని. ఆమె రెక్కలు కట్టుకుని వెళ్లింది. ఊరికే వెళ్లలేదు, ఇంట్లో మూలనున్న అతని పాత కుర్చీని రోడ్డు పొడవునా తోసుకుంటూ వెళ్లింది. మెట్ల పక్కన సిమెంటు వాలు సిద్ధంగా ఉంది. గట్టిగా అయిదడుగుల పొడవు. లారీనించి మైదా బస్తాలు దించడానికి ఆనించే చెక్కలాగా నిటారుగా ఉంది. పైగా తళతళా మెరుస్తోంది.

"నా చేత్తో నున్నగా చేశాను," అన్నాడు బాబాయ్ గర్వంగా. "కేకు మీద క్రీము పరిచే కత్తితోనే! చెయ్యి పెట్టి చూడు, గరుకన్నది ఉంటే ఒట్టు."

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "బాబాయ్, ఇది ఎక్కలేరు."

"మైదా బస్తా ఎక్కుతుంటే మనిషి ఎక్కలేడా?"

"బస్తాని వెనకనించి ఇద్దరు తోస్తారు. ఈయన ఒక్కరే ఎక్కాలి. పోనీ, మీరు కూర్చుని ఎక్కి చూపించండి."

బాబాయ్ పౌరుషం తెలిసిందే. పాత కుర్చీలో కూర్చుని, చేతులు దులుపుకుని, చక్రాలు పట్టి ఒక్క ఊపు ఊపాడు. రెండడుగులు ఎక్కాడు. మూడో అడుగు దగ్గర కుర్చీ ఆలోచించుకుంది. తర్వాత క్రీము మీద చెంచాలా జర్రున వెనక్కి జారి, ఆరబెట్టిన ఖాళీ ట్రేల దొంతర్లోకి దూసుకుపోయింది. ట్రేలు ధనధనా రోడ్డంతా దొర్లాయి. పొయ్యి దగ్గరి నలుగురూ పరుగున వచ్చి ఆయన్ని లేవదీయబోయారు.

"ముట్టుకోకండి!" అని గర్జించాడు బాబాయ్. "నేనే లేస్తాను."

పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. ఆయన ముఖంలో ఇప్పుడు కనిపించినదాన్ని ఆమె ఇంతకుముందు ఇంకొక ముఖంలో చూసి ఉంది. ఆయన లేచి, మైదా దులుపుకుని, మెల్లగా జేబులోంచి ఉత్తరం తీశాడు.

"పన్నెండని ఉంది ఇక్కడ. పన్నెండేంటి, అచ్చుతప్పేమో అనుకుని అయిదే వేశాను."

"ప్రూఫులు దిద్దేవాడు రాసినదాంట్లో అచ్చుతప్పా! కాస్తయినా బుర్ర వాడరు కదా," అంది పిన్ని.

మూడు మెట్లూ టేపుతో కొలిచారు. మెట్టుకి ఆరంగుళాలు, మొత్తం అడుగున్నర ఎత్తు. ఆమె వేళ్ల మీద లెక్కేసి చెప్పింది. "పద్దెనిమిది అడుగులు."

"పద్దెనిమిదా! ఇది బేకరీ అనుకున్నావా, రైలు ప్లాట్‌ఫారమనుకున్నావా?"

గుమ్మానికి ఎదురుగా రోడ్డుదాకా ఉన్న చోటు ఎనిమిదడుగులే. ఇక మిగిలింది ఒక్కటే దారి. ప్రెస్సు గోడ దగ్గర మొదలుపెట్టి, బేకరీ ముందుగోడ వెంబడే మెల్లగా ఎత్తు పెంచుకుంటూ గుమ్మందాకా రావాలి. గుమ్మం ముందు కుర్చీ తిరగడానికి చదునుగా అరుగుండాలి. బాబాయ్ సుద్దముక్కతో గోడమీద గీత గీసుకుంటూ వచ్చాడు. గీత సరిగ్గా కిటికీ కిందనించి పోయింది.

అంటే కిటికీ కింద అతను ఆగే ఆ చోటు ఉండదు. కుర్చీ చక్రాలు నిలిచి నిలిచి గుంటలు పడిన ఆ రెండు బండలూ సిమెంటు కిందికి పోతాయి.

ఇంటికెళ్లి ఈ సంగతి అతనికి చెప్పింది. "మన కిటికీ కదండీ. నాలుగేళ్లు. మీ ముఖం మొదటిసారి చూసింది అక్కడే. ఇంకో దారి ఉందేమో అడుగుదామా?"

అతను ఆమె చెయ్యి తీసుకున్నాడు.

"నీకు కిటికీ అంటే నేను. నాకు కిటికీ అంటే ఎండ. తలెత్తి తలెత్తి మెడ నొప్పి. నువ్వు కనిపించేదానివి కాబట్టి వచ్చేవాణ్ణోయ్. కిటికీ కోసం కాదు."

నాలుగేళ్లలో ఒక్కసారైనా అతని మెడ నొప్పి ఆమెకి తట్టలేదు. ఆ సాయంత్రం అతని మెడకి నూనె రాస్తూ కాస్త ఏడ్చింది. "నాలుగేళ్ల నొప్పి ఒక్కరోజులోనే తీసేద్దామనుకుంటున్నావా, మెల్లగా రాయి," అని అతను నవ్వాడు.

పని పదిరోజులు పట్టింది. ఈసారి తాపీమేస్త్రీ వచ్చాడు. బాబాయ్‌ని కత్తి ముట్టుకోనివ్వలేదు. పైన చీపురుతో గీతలు గీసి గరుకు చేశాడు. అలా గీస్తున్నంతసేపూ బాబాయ్ ప్రాణం విలవిల్లాడింది.

పదకొండోరోజు నాలుగింటికి అతను ప్రెస్సు గుమ్మంలోంచి బయటికొచ్చాడు. "నువ్వు లోపలికెళ్లి కూర్చో. తొయ్యకు. పక్కన నడవకు కూడా," అన్నాడు. ఆమె లోపలికెళ్లి తన పాత బల్ల దగ్గర కూర్చుంది. నిలకడగా కూర్చోలేకపోయింది. చక్రాల చప్పుడు దగ్గరయ్యింది. ఆగింది. మళ్లీ మొదలైంది. కిటికీలో అతని ముఖం వచ్చింది. కింద కాదు, ఎదురుగా, ఆమె కళ్ల ఎత్తున. చెమట పట్టి ఉంది. ఆమెని చూసి కన్నుగీటాడు, కానీ ఆగలేదు. ముందుకెళ్లిపోయాడు.

గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిన్ని అందరికేసీ ఒక చూపు చూసి ఉంచింది మరి.

"కిటికీ బల్ల ఖాళీగా పెట్టించాను బాబూ," అన్నాడు బాబాయ్ ఎదురొచ్చి.

"అది వద్దు బాబాయ్. ఆ మూల బల్ల కావాలి."

"పొయ్యి పక్కదా? ఉడికిపోతారు!"

"నాలుగేళ్లుగా చువ్వల్లోంచి చూస్తున్నా. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నా నవ్వుతూనే ఉంటారు. అక్కడేముందో నాకు తెలియాలి."

ఆమె కూడా ఎప్పుడూ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. కిటికీ వదిలితే కదా! ఇద్దరూ వెళ్లారు. బల్లల మధ్యనించి కుర్చీ పట్టేలా బాబాయ్ ఒక బెంచీ పక్కకి లాగించాడు. పక్కపక్కన కూర్చున్నారు. ఆమె భుజం అతని భుజానికి తగిలింది. కాఫీలొచ్చాయి, నడుం సన్నబడని రెండు బన్నులొచ్చాయి. అతను హాయిగా బల్లమీద మోచెయ్యి ఆనించాడు.

బల్ల టక్కున అతనివైపు ఒరిగింది. ఆమె గ్లాసు పట్టుకోబోయి అటు ఆనింది. బల్ల టక్కున ఆమెవైపు ఒరిగింది. కాఫీ రెండు గ్లాసుల్లోనూ అంచుదాకా వచ్చి చూసి వెనక్కెళ్లింది.

"దానికి ఒక కాలు పొట్టి," అంది పిన్ని గల్లాలోంచి. "ఉండండి, కింద అట్టముక్క పెట్టిస్తా."

"వద్దు పిన్నీ, వద్దు," అన్నాడు అతను నవ్వాపుకుంటూ. కావాలని మళ్లీ మోచెయ్యి ఆనించాడు.