పేషెంట్ పార్టీ

"పేషెంట్ పార్టీ కే ఆఛేన్?" ఎవరున్నారని నర్సు బెంగాలీలో కేకేయగానే మా ఆయన మహీధర్ లేచి వెళ్ళారు. ఈ బెంగాల్ ఊళ్ళో ఏ నర్సింగ్‌హోమ్‌లోనైనా ఇదే వరస. పార్టీ అంటే రోగి వెంట వచ్చినవాళ్ళు. డాక్టర్లు ఏం చెప్పినా వాళ్ళకే చెబుతారు. గర్భసంచి తీసేది నాకైతే, పది నిమిషాలు డాక్టరుతో మాట్లాడి వచ్చింది ఆయన. ఏమన్నారని అడిగితే, "ఏటీ లేదు, సిన్న ఆపరేషనే. నీకెందుకవన్నీ?" అన్నారు.

ఆపరేషనయ్యి మెలకువ వచ్చేసరికి కాళ్ళ మధ్య గొట్టం. మూత్రం వచ్చేస్తున్నట్టే ఉంది, ఆపుకుందామంటే ఆగడం లేదు. పక్క తడిసిపోతుందని భయపడి, కుట్లు లాగుతున్నా తొడలు బిగించుకుని గంటసేపు పడున్నాను. అప్పుడొచ్చి నర్సు హిందీలో చెప్పింది. మత్తిచ్చాక పెట్టారట, రేపు పొద్దున తీసేస్తారట. వస్తున్నట్టు అనిపించడం మామూలేనట, తీశాక ఒకటి రెండుసార్లు మంట ఉంటుందట. "పార్టీకి అన్నీ చెప్పాం కదా దీదీ!" అంది. చెప్పారు, చెప్పకేం! వినేది ఆయన, అనుభవించేది నేను. ఒళ్ళు మండిపోయింది.

"ముందే సెప్తే భయపడతావని సెప్పలేదు" అన్నారాయన. అసలు ఆపుకోవడం నాకు కొత్తా? గోల్‌బజార్లో మా ఉమ్మడి బట్టల కొట్లో పద్దెనిమిదేళ్ళుగా పొద్దుటి నుంచి చీకటి పడేదాకా చీరలు విప్పి చూపించి, మళ్ళీ మడతలు పెడుతున్నాను. మగవాళ్ళు వెనక సందులోకి వెళ్ళొస్తారు. నేను మంచినీళ్ళు తాగడం మానుకున్నాను. మా అత్తగారు దాన్ని కూడా మెచ్చుకునేవారు, "మా కోడలు కూకున్న సోటు నుంచి లెగదు" అని.

సాయంత్రం మా బావగారు గోవిందరావు చూడ్డానికి వస్తున్నానని ఫోన్ చేశారు. అంతే, మా ఆయన మంచం కింది కొక్కేనికి వేలాడుతున్న మూత్రపు సంచి తీసి, నా పొట్ట మీద పెట్టి దుప్పటి కప్పేశారు. "అన్నయ్య సూస్తే సిగ్గు కాదేటి?" అన్నారు. కాసేపటికి పొత్తికడుపు బిగిసిపోయింది. నర్సు వచ్చి దుప్పటి ఎత్తి చూసి మా ఆయన మీద గయ్యిమంది. "సంచి ఎప్పుడూ కిందే ఉండాలి! పైన పెడితే మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. పొద్దున్నే చెప్పాను కదా దాదా!" మళ్ళీ కొక్కేనికి తగిలించి వెళ్ళింది.

ఆవిడ అటు వెళ్ళగానే ఆయన చెయ్యి మళ్ళీ సంచి మీదికి వచ్చింది.

"అన్నయ్య మెట్లెక్కుతున్నాడు. పావుగంటే కదా, ఓర్సుకో."

ఆయన మణికట్టు పట్టుకుని ఆపాను.

"ముట్టుకోకండి. సిగ్గయితే మీరే బయటికెళ్ళండి."

ఆయన చెయ్యి తీసుకున్నారు గానీ బయటికి వెళ్ళలేదు. బావగారు వచ్చారు. సంచి చూసి చప్పున గోడవైపు తిరిగారు.

"ఎలాగున్నావమ్మా? దసరా పూజల టైముకి కొట్టుకి వచ్చేస్తావు కదా?" అని ఆ గోడనే అడిగారు.

"కొట్లో ఆడాళ్ళకి బాత్రూం కట్టించండి బావగారూ. అది కట్టినాకే వస్తాను."