గోళీల కుండ

ఆదివారమంటే ఇంటిల్లిపాదికీ సెలవు. ఆవిడకి మాత్రం బకెట్ల కొలువు. చేపల తొట్టిలోంచి మూడోవంతు నీళ్లు తోడెయ్యాలి, ముందురోజే పట్టి ఉంచిన నీళ్లు పొయ్యాలి. అందులో ఉన్నవి ఆఫ్రికా సరస్సు జెల్లలు. ఒంటినిండా చుక్కలు, మూతికి మీసాలు. "అచ్చం మీ పోలికే" అందోసారి మొగుడితో. ఆయన మురిసిపోయి మీసం దువ్వుకున్నాడు. హాబీ ఆయనది, ఊబి ఆవిడది.

పగలంతా ల్యాబులో జనం రక్తం పరీక్షించడం, ఇంటికొచ్చి చేపల నీళ్లు పరీక్షించడం. నీళ్లలో సున్నం తగ్గితే జెల్లలు మూలకి నక్కుతాయి మరి. "ఆ ధ్యాసేదో కూరలో ఉప్పు మీద పెట్టకూడదూ?" అంటారు అత్తగారు. "పోనీలే అమ్మా, దానికో కాలక్షేపం" అంటాడు పుత్రరత్నం. కాలక్షేపమట! కాలం ఆవిడది, క్షేమం ఆయనది, పట్టేసిన నడుం మాత్రం ఎవరిదో ఎవరూ అడగరు.

ఈ జెల్లలు గుడ్లు పెట్టడం, పెట్టినవాటిని తామే మింగెయ్యడం. నాలుగు నెలలు కళ్లప్పగించి చూసి, ఆవిడ ఓ మట్టికుండ నిండా గోళీలు పోసి తొట్టి అడుగున పెట్టింది. గుడ్లు గోళీల సందుల్లోకి జారిపోయాయి, పెద్ద చేపల నోటికి అందలేదు. ఇప్పుడు ముప్పై ఏడు పిల్లలు వేరే తొట్టిలో బియ్యపుగింజల్లా తిరుగుతున్నాయి.

ఇలా తొట్టిలో పిల్లల్ని పుట్టించినవాళ్లకి, ఇళ్లలో చేపలు పెంచేవాళ్ల సంఘం పతకమిస్తుంది. సభ సాయంత్రమే. ఆయన దరఖాస్తు తెచ్చి బల్లమీద పడేశాడు. "నీ చేతిరాత బాగుంటుంది, నువ్వే నింపు. నా పేరు కాస్త పెద్దక్షరాల్లో వెయ్యి."

నింపింది. నీళ్ల వేడి, తేదీలు, మేత, అన్నీ కంఠతా వచ్చు. 'పెంచినవారి పేరు' దగ్గర కలం ఆగింది. ల్యాబులోనూ ఇంతే: కళ్లు చిట్లించి స్లైడు చూసేది తను, రిపోర్టు కింద సంతకం పెద్ద డాక్టరుగారిది. సరే, అది ఉద్యోగం. మరి ఇది? తన పేరు రాసింది. పెద్దక్షరాల్లోనే.

ఆయన చదివి ఎగిరిపడ్డాడు. "ఇదేంటే! నలుగురిలో నాకే జెల్ల కొడతావా?"

"అక్కడ ప్రశ్నలడుగుతారండీ. ఏదీ చెప్పండి, కుండలో గోళీలెందుకు?"

"ఎందుకేంటి... అందంగా ఉంటాయని!"

తలుపు దగ్గర అత్తగారు కిసుక్కున నవ్వారు.

"రెండేళ్లుగా సోఫాలో కూర్చుని అంతా చూశారు కదా," కలం ఆయన చేతికిచ్చింది ఆవిడ. "కింద సాక్షి గడి ఖాళీగా ఉంది. సంతకం పెట్టండి."