పొట్లంలోని పాత జాయింట్లు

రెండో దెబ్బ చెవి మీద పడింది. అప్పలకొండ కారు తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పూరీ గేట్ రోడ్డున పోయేవాళ్లు ఓసారి చూసి సైకిళ్లు తొక్కుకుంటూ పోయారు. ఓనరు మెకానిక్కును కొట్టడం ఆ వీధిలో ఎవరికీ వింత కాదు.

గ్యారేజీ ఓనరు ఉమాశంకర్ చేతిలో ఇనపకడ్డీ ఉంది. జాకీ మీద గోవిందరావు పాత అంబాసిడర్ ఉంది. స్టీరింగును ముందు చక్రాలకు కలిపే రాడ్డు చివర్ల జాయింట్లు రెండూ అరిగిపోయాయి. కొత్తవి వేస్తానని ఉమాశంకర్ డబ్బు పుచ్చుకున్నాడు, తెప్పించింది మాత్రం లేదు. పాతవాటినే కిరసనాయిలుతో కడిగి, గ్రీజు దట్టించి, నల్లరంగు పూసి బిగించమంటాడు. అప్పలకొండ ఇన్నాళ్లూ ఎన్నో బళ్లకు అలాగే బిగించాడు. పని పోతుందన్న భయం అతనికి సిగ్గుపడే తీరిక కూడా ఇవ్వలేదు.

ఈ జాయింటులో మాత్రం స్పానరు పెట్టకముందే లోపలి ఇనపగుండు దాని గూట్లోంచి జారిపోయి, రాడ్డు కొస అతని అరచేతిలో వాలింది. ఈ పూటే గోవిందరావు తన కూతురు రాధారాణిని పురిటికి మేదినీపూర్ ఆస్పత్రికి ఈ బండిలోనే తీసుకెళ్తున్నాడు. దారిలో కాంసాయి నది వంతెన ఉంది.

"ఇది నేను బిగించను దాదా. వంతెన మీద సక్రం ఓ పక్కకీ బండి ఓ పక్కకీ పోతాయి."

ఈసారి కడ్డీ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. ఉమాశంకర్ తానే కిందకి దూరి, గుండును సుత్తితో గూట్లోకి దిగ్గొట్టి, పైన రంగు పులిమి, జాకీ దించేశాడు.

అంతలో గోవిందరావు వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. అక్కడి స్టోరులో పాత సామాను అప్పగిస్తేనే కొత్తది చేతికిస్తారు. పాతది కళ్లబడిందంటే కొత్తది ఎక్కినట్టేనని ఆయన నమ్మకం. ఈ ఊళ్లో సగం మంది నమ్మకం అదే, ఉమాశంకర్ బతుకుతున్నదీ దాని మీదే. అతను తుక్కు డ్రమ్ములోంచి ఎవరి బండివో అరిగిన జాయింట్లు రెండు ఏరి, పేపర్లో చుట్టి ఆయన చేతిలో పెట్టాడు. గోవిందరావు పొట్లం విప్పి చూసి తృప్తిగా తలూపాడు.

"అయి నీ బండివి కావు బాబాయ్," అన్నాడు అప్పలకొండ. నోట్లో నెత్తురుతో మాట తడబడింది. "నీయి బండికే ఉన్నాయి. రాధమ్మని ఎక్కించకు."

"తాగొచ్చినాడని పన్లోంచి తీసేసినాను, ఆ ఉక్రోసం," అన్నాడు ఉమాశంకర్. "పాత సామాను నీ సేతిలోనే ఉంది కదేటి?"

వర్క్‌షాపు మనిషికి అంతకంటే రుజువు అక్కర్లేదు. పురిటికెళ్లే పిల్ల గురించి పాడు మాటలేమిటని గోవిందరావు అతని చెంప మీద ఒక్కటిచ్చాడు. కడ్డీ దెబ్బలకు రాని కన్నీళ్లు అప్పలకొండకు అప్పుడొచ్చాయి. వర్క్‌షాపులో తన తండ్రి పక్కన నిలబడి పనిచేసిన చెయ్యి అది.

గోవిందరావు కారెక్కి తాళం తిప్పాడు. అప్పలకొండ నేల మీద పడి ముందు చక్రాల మధ్యకు జొరబడ్డాడు. విరిగిన చెయ్యి కంకర మీద ఈడ్చుకుంటూ, రెండో చేత్తో రాడ్డు పట్టుకున్నాడు. ఉమాశంకర్ బయట ఉన్న కాళ్లను బాదుతున్నాడు. దెబ్బ దెబ్బకూ కాళ్లు ఎగిరిపడుతున్నాయి గానీ మనిషి బయటికి రావడం లేదు.

"రాను," అంటున్నాడు కింది నుంచి. "పోతే నా మీంచి పో బాబాయ్. నేను రాను."

ఇంజను ఆగింది. గోవిందరావు దిగి, పొట్లం చేతిలోనే ఉంచుకుని, మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని కిందికి వంగాడు. నెత్తుటి పిడికిలి రాడ్డును ఊపుతోంది. ఊపినప్పుడల్లా రంగు ఆరని జాయింటు గూట్లో టకటకమని కొట్టుకుంటోంది.

ఉమాశంకర్ కడ్డీ మళ్లీ లేచింది. గోవిందరావు పొట్లం వదిలేసి ఆ కడ్డీని పట్టుకున్నాడు.