ఖాళీ బస్సు తోలినవాడు

ఆమెను వీధంతా వదిన అనే పిలిచేది. ఆ పిలుపును వీధికి అంటించినవాడు మరిది. అన్న చనిపోయిన తరువాత కూడా ఆమె ఇంటి ముందు గదిలోనే ఉంటూ, పొద్దున్న లేచింది మొదలు ఇంటికప్పు ఎగిరిపోయేలా "వదినా" అని కేకలు వేసేవాడు.

వదిన ఒక పెద్ద హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. పని వేగం పెంచాలని, చేతులు లోపలికి పోకుండా యంత్రానికి బిగించిన రక్షణ రేకును యాజమాన్యం ఊడదీయించింది. ఆ యంత్రం ఆమె ఎడమచేతిని లాక్కుంది. వేడికి కాలిపోయి ముడుచుకున్న చేతివేళ్లు మళ్లీ తెరుచుకోలేదు. అజాగ్రత్త నీదేనని చెప్పి ఆమెను పనిలో నుంచి తీసేశారు. కార్మిక న్యాయస్థానంలో ఆమె వేసిన ఫిర్యాదు ఆ ఉదయం విచారణకు వచ్చింది. పిలిచిన సమయానికి మనిషి లేకపోతే కొట్టివేస్తామని ముందే హెచ్చరించారు.

నగరంలో అప్పుడు ప్రపంచ క్రీడలు జరుగుతున్నాయి. పెద్ద రోడ్డులో సగానికి నీలిరంగు పూసి క్రీడాకారులకూ అతిథులకూ కేటాయించారు. మిగిలిన సగంలో నగరమంతా ఇరుక్కుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లు, జనం పన్నులతో వేసిన రోడ్డును జనాన్ని అడగకుండానే పంచిపెట్టారు. పంచినవారికి సన్మానాలు కూడా జరిగాయి.

బస్టాపులో ఇసుక వేస్తే రాలని జనం.

"ఇంతకీ బస్సు వస్తుందా, రాదా?" అని అడిగింది వదిన.

"ఎందుకు రాదమ్మా? క్రీడలు అయిపోయాక వస్తుంది," అన్నాడు చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన. "పరుగు పందెం వాళ్లకి రోడ్డు. మనకి నడక పందెం."

అంతలో నీలిదారి మీద క్రీడాకారుల కోసం తిప్పే ఒక తెల్ల బస్సు వచ్చింది. సీట్లన్నీ ఖాళీ. స్టీరింగు ముందు మరిది. క్రీడలు ముగిసేవరకు దొరికిన ఉద్యోగం అది. ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా బస్సు వేళకు తిరగాలి, మధ్యలో తలుపు తీయకూడదు. వదిన కుడిచెయ్యి ఎత్తింది. మరిది చూశాడు. చూశాడని ఆమెకు ఎలా తెలిసిందంటే, వెంటనే అతను చూపు తిప్పుకున్నాడు. బస్సు వెళ్లిపోయింది. దాని వెనకే, అద్దానికి అతిథి ముద్ర అంటించిన హోటలు కారు. వెనక సీట్లో హోటలు లాయరు పేపరు చదువుకుంటున్నాడు.

"ఆ తోలేది మీ మరిదే కదమ్మా?" అన్నాడు ముసలాయన.

"అవును."

"మరి ఆపలేదేం?"

"అది నేనూ అడగాలి," అని వదిన నడక మొదలుపెట్టింది.

ప్రతి కూడలిలోనూ కంచె కట్టారు. ప్రతి కంచె దగ్గరా ఒక పోలీసు, అటు తిరిగి రమ్మని చెయ్యి చూపించాడు. ఆమె న్యాయస్థానం మెట్లెక్కేసరికి ఫిర్యాదు కొట్టివేశారు.

"మూడుసార్లు పిలిచానమ్మా, నా గొంతు పోయింది," అన్నాడు బంట్రోతు.

రోడ్డు మూసేశారని వదిన న్యాయాధికారికి చెప్పుకుంది. హోటలు లాయరు నవ్వాడు. "రోడ్డు అందరికీ ఒకటే కదా సార్. నేను రాలేదా?"

న్యాయాధికారి కొంత ఆలోచించాడు. "దారి లేకనే రాలేకపోయారని చెప్పే సాక్షిని రేపు తీసుకురండి. తిరిగి వింటాను. ఉన్నారా ఎవరైనా?"

"ఉన్నాడండి. మా ఇంట్లోనే ఉన్నాడు."

సాయంత్రం మరిది తలొంచుకుని వంటగదిలోకి వచ్చాడు.

"ఆపితే ఉద్యోగం ఊడుతుంది వదినా. నెత్తిమీద కెమెరా ఉంది."

"ఆపలేదు, సరే. రేపు వచ్చి చూసింది చూసినట్టు చెప్పు."

"చెప్పినా ఊడుతుంది. బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయని బయటపడితే వాళ్ల పరువేం కావాలి?"

"వాళ్ల పరువు మొయ్యడానికి నా నెత్తే దొరికిందా?"

"నన్ను ఇరకాటంలో పెడుతున్నావు."

"ఇరకాటం నీలిగీతకి ఇవతల ఉంది నాయనా. నువ్వున్న వైపు బోలెడంత చోటు."

"అన్న ఉంటే నన్నిలా అడిగేవాడా?"

"అడిగేవాడు కాదు. చెవి పట్టుకుని ఈడ్చుకెళ్లేవాడు." ఆమె కంచం అతని ముందుకు తోసింది. "తిను. తిండికీ సాక్ష్యానికీ లంకె పెట్టే మనిషిని కాను."

మరునాడు వదిన తెల్లవారకముందే బయలుదేరి ఒంటరిగా న్యాయస్థానం చేరుకుంది. లాయరు నీలిదారిలో తాపీగా వచ్చాడు. బంట్రోతు సాక్షిని పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు. వదిన తలుపు వైపు చూడలేదు. మూడో పిలుపుకు, డ్రైవరు దుస్తులు చెమటకు తడిసిపోయి, మరిది రొప్పుతూ లోపలికి వచ్చాడు. అతను కూడా నడిచే వచ్చాడు.

"ఆమెను చూశాను. చెయ్యెత్తింది. నేను ఆపలేదు."

"నీ వదిన కాబట్టి చెబుతున్నావు," అన్నాడు లాయరు.

"వదిన అని చూసేవాణ్ణయితే మొన్న బస్సే ఆపేవాణ్ణి కదండీ."

"మొన్న కాదు, నిన్న."

"నిన్నేనండి. రాత్రి నిద్రపోలేదు, రెండు రోజులైనట్టుంది."

న్యాయాధికారి అడిగాడు. "బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయి?"

"నేను కూర్చున్నది తప్ప అన్నీనండి. వెనక అద్దంలో ఈ సారు కారు కనిపించింది. పేపరు చదువుకుంటున్నారు."

లాయరు ఏదో అనబోయాడు. న్యాయాధికారి చెయ్యి అడ్డం పెట్టి, కొట్టివేత ఉత్తర్వును అక్కడికక్కడే రద్దు చేశాడు. వాయిదా కోరిన లాయరుతో, "రోడ్డు మీకు బాగానే ఉంది కదా. ఇప్పుడే విందాం," అన్నాడు.

వరండాలోకి వెళ్లిన మరిది జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎవరు చేస్తున్నారో అతనికి తెలుసు. మోగనిచ్చాడు.

లోపల వదిన ఎడమచేతికి చుట్టుకున్న గుడ్డ విప్పి, ముడుచుకున్న వేళ్లను లాయరు ముందున్న బల్లమీద పెట్టింది.

"రక్షణ రేకు ఎవరు తీయించారో చెబుతానండి," అంది. "మొదటినుంచీ చెబుతాను. మధ్యలో నన్నెవరూ ఆపకండి."